పాస్టరుగారూ, పిన్నికొడుకూ

1741 జులై 8, బుధవారం. అమెరికా ఇంకా బ్రిటిష్‌వాళ్ళ చేతుల్లోనే ఉంది. ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో చర్చి నిండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళు అప్పటికే భక్తి ఉజ్జీవంతో ఊగిపోతున్నాయి. ఈ ఊరు మాత్రం కదల్లేదు. వాక్యం మొదలయ్యేదాకా జనం తమ ధ్యాసలో తామున్నారని, ఆ రోజు అక్కడున్న ఎలియేజర్ వీలాక్ అనే పాస్టరు తర్వాత చెప్పుకున్నాడు.

ప్రసంగానికి లేచినాయన పేరు జోనథన్ ఎడ్వర్డ్స్. వయసు 37. సన్నటి పొడుగాటి మనిషి. నార్తాంప్టన్ సంఘానికి కాపరి. చేతిలో అరచెయ్యంత పుస్తకం. కాగితం దొరకడమే కష్టమైన రోజులు కాబట్టి ఆయన ప్రసంగాలన్నీ ఇలా చిన్న చిన్న ముక్కలు కుట్టుకున్న పుస్తకాల్లోనే ఉండేవి. చేతులు ఊపడం, గొంతు చించుకోవడం ఆయన పద్ధతి కాదు. నింపాదిగా మాట్లాడేవాడు.

ఎంచుకున్న వచనం ద్వితీయోపదేశకాండము 32:35. దుష్టుల కాలు ఏదో ఒకనాడు జారి తీరుతుందన్నది దాని భావం.

ఆయన కొత్త సిద్ధాంతమేమీ చెప్పలేదు. పుట్టిన ప్రతివాడూ పాపి, శిక్ష ఎప్పుడో పడింది, అమలు కావడమే మిగిలింది, నరకానికి అంతం లేదు, తప్పించగలిగింది దేవుని కృప ఒక్కటే. కాల్విన్ అనే మతసంస్కర్త బాట పట్టిన ఆ ప్రాంతపు సంఘాలన్నీ చిన్నప్పట్నుంచీ వింటున్నదే. నరకాగ్ని గురించి భయపెట్టినవాళ్ళకూ కొదవలేదు. ఎడ్వర్డ్స్ ప్రసంగంలో నిజంగా వణుకు పుట్టించేది నాకైతే నరకం కాదు, భూమి. మీరు నిలబడ్డ నేల ఒక గుంట మీద పరిచిన పుచ్చిపోయిన కప్పు, ఏ అడుగు దగ్గర విరుగుతుందో తెలియదు అంటాడు. మీ ఆరోగ్యం, మీ జాగ్రత్త, మీ తెలివి మిమ్మల్ని మోయడం లేదు. పట్టుకున్నది దేవుని చెయ్యి, ఆ చెయ్యేమో మీ మీద కోపంగా ఉంది. నిప్పు మీద సాలెపురుగును పట్టుకున్నట్టు పట్టుకుంది అంటాడు.

ఈ సాలెపురుగు గాల్లోంచి ఊడిపడలేదు. కుర్రతనంలో ఎడ్వర్డ్స్ సాలెపురుగులు గాలిలో దారం వదిలి చెట్టు నుంచి చెట్టుకు ఎగరడాన్ని గంటలకొద్దీ చూసి, శాస్త్రజ్ఞుడిలా ఉత్తరం రాసినవాడు. అంత ముచ్చటపడి చూసిన పురుగునే తెచ్చి నిప్పు మీద పెట్టాడు.

ప్రసంగం పూర్తి కాలేదు. స్టీఫెన్ విలియమ్స్ అనే పాస్టరు తన డైరీలో రాసుకున్నదాని ప్రకారం చర్చి అంతా మూలుగులు, ఏడుపులు. నేను నరకానికి పోతున్నానని ఒకరు, రక్షణ పొందాలంటే ఏం చెయ్యాలని ఇంకొకరు. కేకలు చెవులు చిల్లులు పడేలా లేచేసరికి ఎడ్వర్డ్స్ ఆపేయాల్సి వచ్చింది. పాస్టర్లు కిందికి దిగి జనం మధ్యకు వెళ్ళి ఒక్కొక్కరితో మాట్లాడారు. ఆ ప్రసంగం అదే ఏడాది బోస్టన్‌లో అచ్చయింది. ఇప్పటికీ అమెరికాలో స్కూలు పిల్లలు చదువుతారు.

ఇంతకీ ఈ భయం మనుషుల్ని ఏం చేయగలదో ఎడ్వర్డ్స్‌కు అప్పటికే తెలుసు. ఆరేళ్ళ కిందట ఆయన ఇంటివాళ్ళలోనే చూశాడు.

1734 చివర్లో నార్తాంప్టన్‌లో ఇలాంటి ఉజ్జీవమే వచ్చింది. ఆరు నెలల్లో 300 మందికి పైగా మారుమనస్సు పొందారని ఆయనే రాశాడు. ఊరి వర్తకుడు జోసెఫ్ హాలీ మాత్రం శాంతి పొందలేదు. ఆయన ఎడ్వర్డ్స్‌కు సొంత పిన్ని భర్త. తన ఆత్మ గతేమిటన్న దిగులు నిద్ర పోనివ్వలేదు. ఆ కుటుంబంలో మనోవ్యాధి ముందునుంచీ ఉందని ఎడ్వర్డ్సే రాశాడు. 1735 జూన్ 1, ఆదివారం ఉదయం హాలీ తన ప్రాణం తానే తీసుకున్నాడు. దాంతో ఊళ్ళో ఉజ్జీవం చల్లబడింది. ఇది సాతాను పని అని ఎడ్వర్డ్స్ లెక్కగట్టాడు. తన ప్రసంగాల వైపు వేలు తిప్పుకోలేదు.

ఆ ఇంట్లో పదకొండేళ్ళ కొడుకు మిగిలాడు. వాడి పేరూ జోసెఫే. ఎడ్వర్డ్స్‌కు వరసకు తమ్ముడు.

న్యాయంగా ఇంకోటీ చెప్పాలి. ఎడ్వర్డ్స్ అంటే నరకం ఒక్కటే అనుకోవడం పొరపాటు. 1738లో ప్రేమ మీద వరసగా ఇచ్చిన ప్రసంగాల్లో చివరిది పరలోకం గురించి. అక్కడ ఒకడి ఘనత చూసి ఇంకొకడు ఈర్ష్యపడడు, ప్రేమించినవాళ్ళు తిరిగి ప్రేమించకపోవడమంటూ ఉండదు, ఎడబాటు లేదు. ఇలా చెప్పుకుంటూ పోతాడు. వినే జనం అదే నార్తాంప్టన్. జీతం పెంచమంటే ఏటా పేచీ పెట్టే జనం.

పేచీలు ముదిరాయి. 1744లో కొందరు కుర్రాళ్ళు మంత్రసానుల వైద్యపు పుస్తకాలు చాటుగా చదువుతూ ఆడపిల్లల్ని ఆటపట్టించారన్న సంగతి తేలింది. ఎడ్వర్డ్స్ చర్చిలో పేర్లు చదివాడు. తప్పు చేసినవాళ్ళెవరో, సాక్షులెవరో తేడా లేకుండా. పెద్దింటి పిల్లల పేర్లూ అందులో ఉన్నాయి. ఆ తర్వాత ప్రభురాత్రి భోజనం గొడవ. ఎడ్వర్డ్స్ తాత సాల్మన్ స్టాడర్డ్ ఆ ఊళ్ళో దాదాపు అరవై ఏళ్ళు పాస్టరుగా చేసి, నడవడి బాగున్న వాళ్ళందరినీ ఆ భోజనపు బల్లకు రానిచ్చాడు. మారుమనస్సు పొందామని సాక్ష్యం చెప్పందే కుదరదన్నాడు మనవడు. అంటే, నువ్వు పరలోకపు దారిలో ఉన్నావా లేదా అన్నది చర్చి గుమ్మం దగ్గరే తేలాలి. ఊరు ఒప్పుకోలేదు.

పాస్టరును దింపాలన్న పక్షం తరఫున గొంతెత్తి వాదించింది ఒక కుర్ర లాయరు. జోసెఫ్ హాలీ. పిన్నికొడుకే.

1750లో ఓట్లు పడ్డాయి. ఎడ్వర్డ్స్ వైపు నిలిచింది 23 మంది, ఎదురు నిలిచింది రెండొందలకు పైనే. జూన్ 22న పదవి పోయింది. జులై 1న వీడ్కోలు ప్రసంగం. ఒక్క తిట్టు లేదు. మనం మళ్ళీ ఒకసారి తప్పక కలుసుకుంటాం, తీర్పు దినాన, క్రీస్తు ముందు, అప్పుడు తెలుస్తుంది ఎవరిది న్యాయమో అని చెప్పాడు. అంత మర్యాదగా ఇచ్చిన సమన్లు ఇంకెక్కడా చూడం.

వేరే పాస్టరు దొరక్క, వెళ్ళగొట్టిన ఊరే కొన్ని నెలలపాటు ఆయన్ని ఆదివారానికింత అని పిలిపించుకుంది. పెద్ద సంసారం, వెళ్ళాడు. తర్వాత స్టాక్‌బ్రిడ్జ్‌లో ఆదివాసుల మధ్య సేవకు మకాం మార్చాడు.

అక్కడికి 1754లో ఉత్తరం వచ్చింది. హాలీ రాశాడు, తాను చేసింది తప్పని. ఎడ్వర్డ్స్ జవాబు మెత్తగా లేదు. అందరి ముందు చేసిన తప్పు అందరి ముందే ఒప్పుకోవాలన్నాడు. తమ్ముడు మళ్ళీ రాశాడు. తీర్పు దినానికి వాయిదా పడ్డ వ్యాజ్యం ఇక్కడే, మామూలు తపాలాలో విచారణకు వచ్చినట్టయింది.

1760లో హాలీ తన అపరాధాన్ని బాహాటంగా ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బోస్టన్‌లో అచ్చయింది. లోకం మొత్తం చదవొచ్చు. అలాగే ఒప్పుకోమన్న మనిషి మాత్రం 1758 మార్చి 22న ప్రిన్స్‌టన్‌లో, అక్కడి కాలేజీ అధ్యక్షుడిగా చేరిన కొద్ది వారాలకే, మశూచి రాకుండా వేయించుకున్న టీకా వికటించి చనిపోయాడు. హాలీ ఇంకా ముప్పై ఏళ్ళు బతికాడు. ఇంగ్లండ్ రాజును ఎదిరించిన మసాచుసెట్స్ నాయకుల్లో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడు. తండ్రిని తిన్న దిగులు అతన్నీ పట్టుకుంది, వచ్చేది, పోయేది. అతను 1788 దాకా బతికాడు.