భర్త అమెరికా ఆర్మీలో.. పోస్టింగ్ జర్మనీలో.. మరి భార్య గ్రీన్‌కార్డు సంగతేంటి?

పెళ్లి హైదరాబాద్‌లో జరిగింది. అబ్బాయి అమెరికా సిటిజన్, యూఎస్ ఆర్మీలో ఉద్యోగం. అమ్మాయిది ఇండియన్ పాస్‌పోర్టు. వీసా కాగితాలు ఇంకా మొదలే పెట్టలేదు, ఈలోగా అబ్బాయికి జర్మనీ పోస్టింగ్ ఆర్డర్లు వచ్చేశాయి. మూడేళ్లు అక్కడే ఉండాలి. ఇప్పుడు అమ్మాయి ముందు అమెరికా వీసా కోసం ఆగాలా? నేరుగా జర్మనీ వెళ్లిపోవచ్చా? గ్రీన్‌కార్డు వచ్చాక అమెరికాలో ఉండకపోతే అది పోతుందా?

ఇలాంటి కుటుంబాలు మన దగ్గరా ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అమెరికా సైన్యంలో చేరొచ్చు. 2009లో మొదలై 2016లో కొత్త చేరికలు ఆగిపోయిన ‘మావ్నీ’ పథకం కింద అయితే స్టూడెంట్ వీసా, హెచ్-1బీ మీద ఉన్న భారతీయులు కూడా చేరి సిటిజన్లయ్యారు. వాళ్ల పెళ్లిళ్లు చాలావరకు ఇక్కడే, మన ఊళ్లలోనే జరుగుతాయి. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది.

ఇక్కడ భార్య అని రాస్తున్నా, భర్త అయినా రూల్స్ ఇవే.

మిలిటరీ ఐడీ కార్డు వీసా కాదు

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. పెళ్లవగానే సైనికుడి భార్య పేరు ‘డీర్స్’ అనే రికార్డులో ఎక్కిస్తారు, ఐడీ కార్డు ఇస్తారు. దాంతో బేస్‌లోకి వెళ్లొచ్చు, వైద్యం పొందొచ్చు. కానీ ఇమిగ్రేషన్ పరంగా ఆ కార్డుకు విలువ లేదు. సైనికుడిని పెళ్లి చేసుకున్నంత మాత్రాన గ్రీన్‌కార్డు రాదు. మామూలు వాళ్లలాగే ఐ-130 పిటిషన్ వేయాల్సిందే.

భర్త సిటిజన్ అయితే ఆమె ‘ఇమ్మీడియట్ రిలేటివ్’ కిందకి వస్తుంది. ఏడాదికి ఇన్నే వీసాలన్న కోటా ఉండదు. భర్తకి గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే ఎఫ్2ఏ కేటగిరీ, అంటే క్యూ. కాబట్టి అలాంటి సైనికుడు ముందు తన సిటిజన్‌షిప్ సంగతి చూసుకోవడం మంచిది. 2001 సెప్టెంబర్ 11 నుంచి ఇప్పటిదాకా ఉన్న కాలాన్ని అమెరికా ‘యుద్ధకాలం’గానే లెక్కిస్తోంది. అందుకే యూనిట్ నుంచి ఎన్-426 సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఐదేళ్లు ఆగకుండానే, ఫీజు కట్టకుండానే సిటిజన్‌షిప్‌కి అప్లై చేయొచ్చు. ఆయన సిటిజన్ అయిన రోజునే భార్య పిటిషన్ క్యూలోంచి బయటికొచ్చేస్తుంది.

గ్రీన్‌కార్డు లేకుండా నేరుగా జర్మనీ వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. చాలామందికి తెలియని విషయం ఇదే. అమెరికాకి, బేస్ ఉన్న దేశానికి మధ్య ‘సోఫా’ అనే ఒప్పందం ఉంటుంది. జర్మనీ, ఇటలీకి నాటో సోఫా వర్తిస్తుంది. జపాన్, దక్షిణ కొరియాలకి విడివిడి ఒప్పందాలు ఉన్నాయి. సైనికుడి భార్య ఏ దేశపు పౌరురాలైనా సరే, డిపెండెంట్‌గా అక్కడ ఉండే హక్కు ఈ ఒప్పందాల వల్లే వస్తుంది. అయితే రెండు కావాలి. ఒకటి ‘కమాండ్ స్పాన్సర్‌షిప్’. అంటే ఆర్డర్లలో భార్య పేరు ఉండాలి, కుటుంబంతో ఉండే పోస్టింగ్‌గా సైన్యం ఒప్పుకోవాలి. రెండోది, ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి ఆ దేశంలోకి ఎంట్రీకి ఏ వీసా కావాలో ముందే కనుక్కోవాలి. కొరియాకైతే ఏ-3 అనే ప్రత్యేక వీసా ఉంది. సైనికులకీ వాళ్ల కుటుంబాలకీ అమెరికా ఉచితంగా ఇచ్చే అధికారిక పాస్‌పోర్టు గురించి వింటుంటాం, అది అమెరికా పౌరులకే.

అక్కడికి చేరాక ఇంకో సౌకర్యం కూడా ఉంది. మామూలుగా ఐ-130 పిటిషన్ అమెరికాలోని ఆఫీసుకే పంపాలి. కానీ విదేశీ బేస్‌లో శాశ్వత పోస్టింగ్ మీద ఉన్న యాక్టివ్ డ్యూటీ సైనికులు అక్కడి అమెరికా కాన్సులేట్‌లోనే దాన్ని వేసేందుకు అనుమతి ఉంది. జర్మనీలో అయితే ఫ్రాంక్‌ఫర్ట్, కొరియాలో సియోల్, జపాన్‌లో టోక్యో లేదా నాహా, ఇటలీలో నేపుల్స్. ఇండియాలోనే ఆగిపోతే మాత్రం ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో ఉంటుంది. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసాలు ఇవ్వరు.

ఆదాయం విషయంలోనూ కాస్త వెసులుబాటు ఉంది. స్పాన్సర్ ఐ-864 పత్రంలో పేదరిక రేఖకి 125 శాతం ఆదాయం చూపించాలి. యాక్టివ్ డ్యూటీ సైనికుడు భార్యనో పిల్లలనో స్పాన్సర్ చేస్తే 100 శాతం సరిపోతుంది. కొత్తగా చేరి తక్కువ జీతం మీద ఉన్నవాళ్లకి ఇది పెద్ద ఊరటే.

వీసా వచ్చింది.. కానీ గ్రీన్‌కార్డు రాలేదు!

ఇక్కడ జాగ్రత్త. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇమిగ్రెంట్ వీసా స్టాంప్ పడింది కదా అని బేస్‌లోనే ఉండిపోతే లాభం లేదు. ఆ వీసాకి గడువు సాధారణంగా ఆరు నెలలు. ఆలోపు ఒక్కసారైనా అమెరికాలో అడుగుపెట్టాలి. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసర్ లోపలికి పంపిన క్షణం నుంచే ఆమె పర్మినెంట్ రెసిడెంట్. దానికి ముందు జర్మనీలో రెండేళ్లున్నా అవి సిటిజన్‌షిప్ లెక్కలోకి రావు.

గ్రీన్‌కార్డు చేతికొచ్చాక మళ్లీ భర్త దగ్గరికి వెళ్లిపోతే? మామూలు గ్రీన్‌కార్డుదారులు ఏడాదికి మించి బయట ఉంటే ఇబ్బందే, అందుకే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుంటారు. సైనికుల భార్యలకి 2008లో చట్టం మార్చారు. భర్త అధికారిక ఆర్డర్ల ప్రకారం ఆయనతో కలిసి విదేశంలో ఉంటున్నంత కాలం ఆమె రెసిడెన్సీ వదులుకున్నట్టు లెక్క కాదు. కాకపోతే ఎయిర్‌పోర్టులో ఆ సంగతి ఆఫీసర్‌కి తెలియాలి కదా. ఆర్డర్ల కాపీ ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండాలి, చెకిన్ సూట్‌కేసులో కాదు.

పెళ్లయి రెండేళ్లు నిండకముందే గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్ల కండిషనల్ కార్డు. గడువుకి ముందు 90 రోజుల్లో ఐ-751 వేయాలి. విదేశంలో ఉన్నాం కదా అని ఆ తేదీ మర్చిపోవద్దు. ఆర్డర్ల కాపీ జతచేసి అక్కడినుంచే పంపొచ్చు.

సిటిజన్‌షిప్‌కి రెండు దారులు.. తేడా ఇక్కడే

సిటిజన్ భార్యకి మామూలు రూల్ ఏంటంటే, గ్రీన్‌కార్డు మీద మూడేళ్లు ఉండాలి, అందులో కనీసం 18 నెలలు అమెరికా గడ్డ మీదే గడపాలి. విదేశీ పోస్టింగ్‌లో అది కుదిరే పని కాదు. అందుకే చట్టంలో రెండు వేరే దారులున్నాయి.

మొదటిది సెక్షన్ 319(బి). దీని కింద మూడేళ్ల లెక్కే లేదు. గ్రీన్‌కార్డు వచ్చిన మర్నాడే ఎన్-400 వేసుకోవచ్చు. అయితే భర్త సిటిజన్ అయి ఉండాలి, విదేశీ పోస్టింగ్ కనీసం ఏడాది ఉండాలి, ఆమె అక్కడ ఆయనతో కలిసి ఉండబోతూ ఉండాలి. పోస్టింగ్ అయ్యాక అమెరికా తిరిగొచ్చి స్థిరపడతానని ప్రకటించాలి. ఇంటర్వ్యూకి, ప్రమాణానికి మాత్రం అమెరికా రావాల్సిందే. టికెట్ ఖర్చు సొంతం.

రెండోది సెక్షన్ 319(ఇ). ఇది 2008 జనవరిలో వచ్చింది. దీని కింద మూడేళ్ల గడువు అలాగే ఉంటుంది. కానీ భర్తతో బేస్‌లో గడిపిన ప్రతి రోజూ అమెరికాలో గడిపినట్టే లెక్క. పైగా ఇంటర్వ్యూ, ప్రమాణం అన్నీ విదేశంలోనే పూర్తి చేసుకోవచ్చు, అమెరికా రానక్కర్లేదు.

ఏది మేలు? తొందరగా అమెరికా పాస్‌పోర్టు కావాలి, ఒకట్రెండు సార్లు ప్రయాణం చేయగలం అనుకుంటే 319(బి). చంటిపిల్లలున్నారు, తిరగలేం, ఎలాగూ మూడేళ్లు దగ్గరపడ్డాయి అనుకుంటే 319(ఇ). మా ఉద్దేశంలో పోస్టింగ్ మొదట్లోనే గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి 319(బి)యే నయం. తర్వాత ఏ దేశానికి బదిలీ అయినా మళ్లీ వీసా గొడవ తక్కువ.

రెండింటికీ ఆర్డర్ల కాపీతో పాటు డీడీ 1278 అనే ఫారం అడుగుతారు. ఫలానా వ్యక్తి ఫలానా దేశంలో భర్తతో ఉండేందుకు సైన్యం అనుమతించింది అని చెప్పే సర్టిఫికెట్ అది. సైనికుడికి ఫీజు మాఫీ ఉన్నా భార్యకి లేదు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఎన్-400కి ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760. ఐ-130కి 625, 675. ఇంగ్లిష్, సివిక్స్ పరీక్షలో కూడా మినహాయింపు లేదు. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేస్తున్నవాళ్లకి 128 ప్రశ్నల లిస్టు ఇచ్చారు. అందులోంచి 20 వరకు అడుగుతారు, 12 రైట్ కొడితే పాస్.

ఇంకో మెలిక ఉంది. భర్త యుద్ధ విధుల మీద ఒంటరిగా వెళ్తే ఈ సౌకర్యాలు పనిచేయవు. కుటుంబం పేరు ఆర్డర్లలో లేని పోస్టింగ్ అయినా అంతే. ‘విదేశంలో ఉన్నాడు’ అంటే చాలదు, ‘ఆమెకి అనుమతి ఉంది, కలిసే ఉంటున్నారు’ అని చూపించగలగాలి.

అమెరికాలోనే ఉన్న భార్యలు.. విమానం ఎక్కేముందు ఆగండి

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు. అమ్మాయి అప్పటికే అమెరికాలో ఉంది, పెళ్లయింది, ఐ-485 వేసింది. అది పెండింగ్‌లో ఉండగా భర్తకి జపాన్ ఆర్డర్లు వచ్చాయి. అడ్వాన్స్ పెరోల్ లేకుండా ఆయనతో వెళ్లిపోతే ఐ-485 వదులుకున్నట్టే. చెల్లుబాటయ్యే హెచ్-1బీ, హెచ్-4, ఎల్ వీసాలతో తిరిగొచ్చేవాళ్లకి మాత్రమే మినహాయింపు.

వీసా గడువు దాటిపోయిన వాళ్లకి ఇంకా కష్టం. సరైన వీసాతో అమెరికాలోకి వచ్చి తర్వాత గడువు దాటినా, సిటిజన్ భార్యకి అక్కడే గ్రీన్‌కార్డు ఇచ్చే వీలుంది. కానీ గడువు దాటి 180 రోజులకి మించి ఉండి దేశం విడిచి వెళితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు. ఎఫ్-1 వాళ్లకి ఈ రోజుల లెక్క వేరుగా ఉంటుంది. అంటే, కుటుంబంతో కలిసి ఉందామని ఎక్కిన ఆ విమానమే పదేళ్లు విడదీయొచ్చు. ఆర్డర్లలో భార్య పేరు ఉంది, సైన్యమే టికెట్ ఇచ్చింది అంటే ఇమిగ్రేషన్ వాళ్లు వినరు. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు లాయర్‌తో మాట్లాడకుండా కదలొద్దు.

మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పులు

ఒకటి పేరు. ఇండియన్ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక రకంగా, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇనీషియల్‌గా, ఆర్మీ రికార్డులో భర్త ఇంటిపేరుతో ఇంకో రకంగా ఉంటుంది. మూడు కాగితాల్లో మూడు పేర్లుంటే ప్రతి ఆఫీసులోనూ అదే ప్రశ్న. ‘డీర్స్’లో ఎక్కించేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్న పేరునే వాడండి. పెళ్లి కార్డు, ఆల్బమ్ చాలవు, మ్యారేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని తీరాలి.

రెండోది ఓసీఐ. అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుంది, ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. ఆ తర్వాత ఆమె ఓసీఐ కార్డుకి అప్లై చేసుకోవచ్చు. కానీ విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకి, రిటైర్ అయినవాళ్లకి భారత్ ఓసీఐ ఇవ్వదు. సంక్రాంతికి ఊరొస్తే భార్యకి కార్డు, భర్తకి వీసా.

మూడోది పిల్లలు. బేస్‌లో పుట్టినంత మాత్రాన అమెరికా పౌరులు కారు. తల్లిదండ్రుల్లో ఒకరే సిటిజన్ అయితే, ఆ ఒక్కరు బిడ్డ పుట్టేముందు మొత్తం ఐదేళ్లు అమెరికాలో ఉండి ఉండాలి. అందులో రెండేళ్లు 14 ఏళ్లు నిండాక అయి ఉండాలి. స్టూడెంట్‌గా గడిపిన కాలం కూడా ఇందులోకి వస్తుంది, విదేశంలో చేసిన సైనిక సర్వీసు కూడా వస్తుంది.

గొడవ జరిగితే.. జరగరానిది జరిగితే..

విడాకులైతే 319 దారులు రెండూ మూసుకుపోతాయి, ప్రమాణం చేసేదాకా పెళ్లి నిలబడి ఉండాలి. దీన్ని అడ్డం పెట్టుకుని భర్త బెదిరించినా, కొట్టినా భరించాల్సిన పనిలేదు. హింసకి గురైన భార్య ఐ-360 కింద సొంతంగా పిటిషన్ వేయొచ్చు. భర్త అమెరికా సైన్యంలో ఉంటే ఆమె విదేశంలో ఉండి కూడా వేయొచ్చు, ఆయనకి తెలియాల్సిన అవసరం లేదు.

సిటిజన్ అయిన భర్త డ్యూటీలో ఉండగా చనిపోతే, వేసి ఉన్న పిటిషన్ దాంతో చచ్చిపోదు. పిటిషన్ వేయకపోయినా రెండేళ్లలోపు భార్యే వేసుకోవచ్చు. అప్పటికే గ్రీన్‌కార్డు ఉంటే ఏ గడువూ లేకుండా సిటిజన్‌షిప్ అడగొచ్చు.

బేస్‌లో లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు ఉంటుంది, అక్కడి లాయర్లు సైనికులకీ కుటుంబాలకీ ఫీజు తీసుకోరు. అమెరికా ఇమిగ్రేషన్ శాఖకి సైనిక కుటుంబాల కోసమే ప్రత్యేక హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 877-247-4645. ఫీజులు, ఫారాలు మారుతుంటాయి కాబట్టి కట్టేముందు ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.