అంకెలలో లేని రొద

పాటలు ఇప్పుడు గ్రామఫోను రికార్డు మీదనో, టేపు మీదనో కాక, ఇంటర్నెట్టు ద్వారా అంకెల రూపమున మన యింటికి వచ్చుచున్నవి. అంకెకు దుమ్ము పట్టదు, గీత పడదు. అయినను పాట ఆగిన క్షణమున స్పీకరు దగ్గర చెవి పెట్టి వినినచో సన్నగా ‘గుం’ అను మ్రోత వినబడుట చాల యిండ్లలో అనుభవమే. ఈ రొద ఎక్కడిది? దీనిని పట్టుకొనవలెనన్న ముందుగా 1880 ప్రాంతపు టెలిఫోను దగ్గరకు పోవలెను.

తొలినాటి టెలిఫోనుకు ఒకే తీగ. ప్రవాహము తిరిగి వచ్చుటకు రెండవ తీగకు బదులు భూమినే వాడుకొన్నారు. తీగ ఖర్చు సగము తగ్గినది. టెలిగ్రాఫు వారు అంతకు పూర్వమే ఇట్లు చేసినారు. టక్కు టక్కుమను సంకేతమునకు అది చాలినది. మాటకు చాలలేదు. ఆ దశాబ్దములోనే అమెరికా నగరములలో విద్యుత్తు ట్రాములు నడువసాగినవి. వాటి ప్రవాహము కూడ పట్టాల గుండా, భూమి గుండా తిరిగి పోయెడిది. ట్రాము కదలినదంటే టెలిఫోనులో మాటను మ్రింగివేయు హోరు! భూమి ఎవరి సొత్తను వివాదము కోర్టుల కెక్కినది. తుదకు టెలిఫోనుల వారే ప్రతి మార్గమునకు రెండు తీగలు వేసికొనవలసి వచ్చినది. ఆ రెంటిని ఒకదానితో నొకటి మెలివేసినచో బయటి ప్రభావము రెండింటిపై సమానముగా పడి రద్దగునన్న ఉపాయమునకు గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందినాడు. ఈనాటి కంప్యూటరు నెట్‌వర్కు తీగలోని మెలికలు ఆ వంశమునకు చెందినవే.

బయటి రొద తగ్గిన పిదప లోపలి రొద బయటపడినది. జర్మనీలో షాట్కీ 1918లోనే దీనిని గూర్చి వ్రాసినాడు. 1926 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్సన్ దీనిని కొలిచినాడు. నైక్విస్ట్ దానికి సిద్ధాంతము కూర్చినాడు. ఇరువురి వ్యాసములు 1928లో వెలువడినవి. తీగలోని ఎలక్ట్రానులు ఉష్ణము వలన ఊరక ఉండవు. 10,000 ఓముల నిరోధమును 27 సెంటిగ్రేడు డిగ్రీల గదిలో ఊరక ఉంచినను, మనకు వినబడు పౌనఃపున్యముల మేర దాని కొనల మధ్య సుమారు 1.8 మైక్రోవోల్టుల రొద ఉండును. అది రాగియా, బొగ్గా అను భేదము లేదు. ఖరీదైన తీగ కొన్నంత మాత్రాన ఈ రొద పోదని దీని భావము.

దూరపు టెలిఫోను మార్గములలో ఇది పెద్ద చిక్కైనది. దారి పొడుగునా ఆంప్లిఫయర్లు మాటతో పాటు రొదను కూడ పెంచి ముందుకు పంపును. 1937లో పారిస్‌లో పనిచేయుచుండిన ఆంగ్లేయుడు అలెక్ రీవ్స్‌కు ఒక ఆలోచన తట్టినది. మాట యొక్క ఎత్తును ఉన్నదున్నట్లు పంపనేల? దానిని క్షణక్షణము కొలిచి, ఆ కొలతను సంకేతముగా మార్చి పంపిన చాలదా? అప్పుడు అవతలివాడు ‘ఎంత ఉన్నది’ అని చూడనక్కరలేదు. ‘ఉన్నదా, లేదా’ అని చూచిన చాలును. మాసిన సంకేతమును చూచి క్రొత్తది వ్రాసి పంపవచ్చును. 1938లో ఫ్రాన్సులో పేటెంటుకు దరఖాస్తు చేసినాడు గాని, వాల్వుల కాలములో అది మోయలేని ఖర్చు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత గాని దానికి మంచిరోజులు రాలేదు. 1962లో అమెరికా టెలిఫోను మార్గములలోను, 1982లో కాంపాక్ట్ డిస్కుతో ఇండ్లలోను ఆ పద్ధతి ప్రవేశించినది. ఆ డిస్కులో సెకనుకు 44,100 కొలతలు. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు. మెట్టుకు మెట్టుకు నడుమ పోయిన భాగము వలన కొంత రొద పుట్టును గాని, అది అత్యల్పము.

ఇక మన యింటి మ్రోత. ఇంటర్నెట్టులో అంకెలు ఆలస్యమైనచో పాట ఆగును, లేదా టక్కుమనును. ఎడతెగని ‘గుం’ మాత్రము రాదు. కాబట్టి దొంగ ఉన్నది అంకెలు తిరిగి విద్యుత్తరంగములుగా మారిన తరువాతి చోటనే. శబ్దము తగ్గించు మర త్రిప్పి చూడుడు. మ్రోత తగ్గకున్నచో అది ఆంప్లిఫయరు చివరి భాగములోనిది. తగ్గినచో దానికి ముందున్నది. లాప్‌టాపు చార్జరును ఊడదీసి బ్యాటరీతో నడుపుడు. మ్రోత మాయమైనచో అది ఆ పాత ట్రాము కథయే: చార్జరు ఒక గోడ వద్ద, ఆంప్లిఫయరు మరొక గోడ వద్ద ఎర్తు కాగా, పాటను మోయు తీగ రెంటిని కలిపి వలయము కట్టినది. అందులో సెకనుకు 50 సార్లు ఊగు ప్రవాహము పాటలో కలియుచున్నది. రెండింటిని ఒకే ప్లగ్గు బోర్డుకు తగిలించుట మొదటి చికిత్స. సాధనములలో సదుపాయ మున్నచో, 1983లో తోషిబా వారు తెచ్చిన పద్ధతిని అనుసరించి పాటను కాంతితీగ గుండా పంపినను వలయము తెగును.

కొందరు ఎర్తు పిన్నునే విరిచివేయుదురు. మ్రోత పోవుట నిజమే. కాని లోపల ఏ తీగయైనను వదులై లోహపు పెట్టెకు తగిలినచో, ఆ పెట్టెలో 230 వోల్టులు నిలిచి ఉండును. నేనెరిగిన ఒక సభామందిరములో మైకు పట్టుకొనిన వారికి చేయి జివ్వుమనుచుండెడిది. వెదకగా ఆంప్లిఫయరు ప్లగ్గుకు రెండే పిన్నులు మిగిలియున్నవి. మూడవదానిని మ్రోత కొరకు ఎవరో కోసివేసినారు. క్రొత్త ప్లగ్గు వేసి, ప్రక్కనున్న కంప్యూటరును కూడ అదే బోర్డుకు కలిపితిమి. మ్రోత మరల రాలేదు.