సాయుధ పోరాట నైతికత: తెలుగునాట చర్చ

అన్యాయమైన పాలన మీద ఆయుధం ఎత్తవచ్చా, ఎత్తితే అది ఎవరి మీదికి వెళ్లవచ్చు, ఆ చావుకు ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్న ప్రశ్నల మీద తెలుగు ప్రాంతాల్లో 1940ల నుంచి చర్చ నడుస్తోంది. స్పెయిన్‌లో ప్రత్యేక బాస్క్ దేశం కోసం 1959లో ఏర్పడిన ఈటీఏ సంస్థ విషయంలోనూ ఇవే ప్రశ్నలు తలెత్తాయి. అక్కడి పోరాటం జాతి పేరిట, ఇక్కడిది భూమి పేరిట సాగింది. లక్ష్యాలు వేరైనా చంపడం గురించిన ప్రశ్న మారలేదు.

తెలంగాణ రైతాంగ పోరాటం (1946–51)లో మొదటి ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసిన పని పెద్దగా పడలేదు. వెట్టిచాకిరీ, దొరల గడీలు, రజాకార్ల దాడులు, ఓటు లేని నిజాం పాలన కళ్లముందే ఉన్నాయి. 1946 జూలై 4న కడవెండిలో పోరాట కార్యకర్త దొడ్డి కొమరయ్య మరణం తర్వాత ఆయుధం పట్టిన రైతును తప్పుపట్టినవారు తక్కువ. చిక్కు 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక మొదలైంది. నిజాం పాలన పోయాక పోరాటాన్ని కొనసాగించడం సరికాదని కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డి వంటివారు వాదించారు. దున్నేవారి చేతికి వచ్చిన భూమిని కాపాడుకోవాలంటే కొనసాగించక తప్పదని మరికొందరు పట్టుబట్టారు. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించారు. ఆ నిర్ణయంపై వాదన మాత్రం చాలాకాలం ఆగలేదు.

మదనపల్లె, కుప్పం సంబంధం

పూర్వపు చిత్తూరు జిల్లాలోని ఈ ప్రాంతానికి శ్రీకాకుళం మన్యంలా, ఉత్తర తెలంగాణలా దళాల గడ్డగా పేరు లేదు. అయినా ఈ చర్చలో దాని చోటు చిన్నది కాదు. హింసను మనిషి తనలోనే చూసి అర్థం చేసుకోవాలని చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. ఆయన ఆలోచనలతో నడిచిన రిషివ్యాలీ పాఠశాల ఆ పట్టణానికి దగ్గరలోనే ఉంది. అనంతపురం జిల్లా తరిమెలలో 1917లో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన తరిమెల నాగిరెడ్డి ఆ పాఠశాలలో చదువుకున్నారు. శాసనసభ్యుడిగా ఉన్న ఆయన 1969లో ఆ పదవికి రాజీనామా చేసి విప్లవ మార్గంలోకి వెళ్లారు.

నాగిరెడ్డి ఆయుధాన్ని కాదనలేదు. ఆయన పేచీ దాన్ని వాడే తీరు మీద. వర్గశత్రువులను ఒక్కొక్కరిగా రహస్యంగా చంపుతూ పోతే ప్రజలు కదులుతారన్నది నక్సలైట్ నేత చారు మజుందార్ పంథా. శ్రీకాకుళంలో 1969లో అదే అమలైంది. భూమి సమస్యపై ప్రజలు ముందుగా కదలాలి, వారి అవసరంలోంచి ప్రతిఘటన పుట్టాలి తప్ప కొద్దిమంది చేసే హత్యలు ఉద్యమం కాలేవని నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు వాదించారు. దీన్ని సాధారణంగా ఎత్తుగడల తగాదాగా రాస్తారు. అందులో నీతి ప్రశ్న కూడా ఉందని గుర్తించాలి: ఎవరి పేరున చంపుతున్నామో ఆ ప్రజలకు ఆ నిర్ణయంలో పాత్ర ఉందా? నాగిరెడ్డి 1976 జూలై 28న, ఎమర్జెన్సీ కాలంలో అజ్ఞాతంలో ఉండగానే మరణించారు.

కుప్పం పేరు ఈ చరిత్రలోకి మరో దారిన వచ్చింది. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో ఏర్పడిన నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌కూ పోలీసులకూ మధ్య 1990లలో చావుకు చావు లెక్క నడిచింది. 1999 డిసెంబరు 2న ఆ పార్టీ కేంద్రకమిటీ సభ్యులు నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, శీలం నరేష్ కొయ్యూరు అడవిలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారన్నది పార్టీ ఆరోపణ. 2000 మార్చి 7న మాజీ హోంమంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి మందుపాతరకు బలయ్యారు. 2003 అక్టోబరు 1న తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళుతున్న అప్పటి ముఖ్యమంత్రి, కుప్పం శాసనసభ్యుడు చంద్రబాబునాయుడి వాహనాన్ని అలిపిరి వద్ద మందుపాతరలతో పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో రాష్ట్ర ప్రజలు ఆయన పార్టీని ఓటుతో గద్దె దించారు, కుప్పం ఓటర్లు ఆయనను మళ్లీ గెలిపించారు. ఓటుతో దించగల నాయకుడిని మందుపాతరతో తొలగించే హక్కు ఎవరిచ్చారన్న ప్రశ్నకు సాయుధ పక్షం దగ్గర నిలబడే జవాబు లేదు.

హక్కుల ఉద్యమంలో చీలిక

చర్చ అన్నిటికన్నా లోతుగా సాగింది పౌరహక్కుల సంఘంలోనే. రాజ్యహింసనూ ప్రజల ప్రతిహింసనూ ఒకే గాటన కట్టరాదన్నది ఆ సంఘం మొదటి నుంచి నిలబడ్డ చోటు. ఎన్‌కౌంటర్లపై కోర్టుల్లో దశాబ్దాలు పోరాడిన కె.జి. కన్నబిరాన్, రాజ్యాంగానికి కట్టుబడతానని చెప్పుకునే ప్రభుత్వమే చట్టాన్ని తొక్కడం వేరే స్థాయి నేరమని చూపారు. ఈ నిలకడకు సంఘం నెత్తురు చెల్లించింది: 1985 సెప్టెంబరు 3న సంఘానికి చెందిన డాక్టర్ రామనాథంను వరంగల్‌లో కాల్చి చంపారు.

గణిత అధ్యాపకుడిగా వరంగల్ వచ్చి ఆ సంఘానికి ప్రధాన కార్యదర్శి అయిన కె. బాలగోపాల్ క్రమంగా ఇంకో మాట అనడం మొదలుపెట్టారు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో ఊళ్లో ఒక పేదవాడిని చంపితే, ఆ ముద్ర నిజమో కాదో విచారించేది ఎవరు? ప్రజాకోర్టులో అతని తరఫున మాట్లాడేది ఎవరు? హక్కు మనిషికి పుట్టుకతో ఉన్నదైతే దాన్ని విప్లవం కూడా తీసేయలేదని ఆయన తేల్చారు. 1998లో సహచరులతో కలిసి మానవ హక్కుల వేదికను స్థాపించి, 2009 అక్టోబరులో మరణించేదాకా రెండు వైపుల హింసనూ ప్రశ్నించారు. రెండూ సమానమని ఆయన అనలేదు. ఒకదాన్ని ఖండించాలంటే రెండోదానిపై మౌనంగా ఉండక్కర్లేదన్నారు. తెలుగులో ఈ విషయంపై వచ్చిన ఆలోచనల్లో ఇంత నిజాయితీ గలది అరుదు.

విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ కన్వీనర్‌గా 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక ఈ ఆలోచనకు ఆచరణ రూపం ఇచ్చింది. బూటకపు ఎన్‌కౌంటర్లు ఆపమని ప్రభుత్వాన్ని, హత్యలు ఆపమని పార్టీని అడిగింది. ఆ కృషి ఫలితంగా 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. ఆయుధాలతో ఊళ్లలో తిరగడం, భూపంపిణీ అన్న అంశాల మీద ముడి పడింది. 2005 జనవరిలో పార్టీ వైదొలగింది. ఆగస్టు 15న ఎమ్మెల్యే నర్సిరెడ్డి హత్య, రెండు రోజులకే పార్టీపై నిషేధం.

బాస్క్ అనుభవం

1973లో నియంత ఫ్రాంకో ప్రధాని కరేరో బ్లాంకోను ఈటీఏ బాంబుతో చంపినప్పుడు నియంతృత్వ వ్యతిరేకుల్లో చాలామంది తప్పుపట్టలేదు. ప్రజాస్వామ్యం వచ్చాకే ఆ సంస్థ చేసిన హత్యల్లో ఎక్కువ భాగం జరిగాయి. 1987లో బార్సిలోనా దుకాణ సముదాయంలో పేలిన బాంబు 21 మందిని చంపింది. 1983–87 మధ్య జీఏఎల్ అనే రహస్య ముఠా స్పెయిన్ ప్రభుత్వ పెద్దల అండతో 27 మందిని చంపింది. ఆ ముఠా చేసిన ఒక అపహరణ కేసులో ఒక మాజీ హోంమంత్రి జైలుకు వెళ్లారు. 1997లో యువ కౌన్సిలర్ మిగెల్ ఏంజెల్ బ్లాంకోను అపహరించి చంపాక లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు. ఈటీఏ 2011లో సాయుధ చర్యలను విరమించి, 2018లో తనను తాను రద్దు చేసుకుంది. 800 మందికి పైగా దాని చేతుల్లో చనిపోయారు. 2018లో కోరిన క్షమాపణలో పోరుతో సంబంధం లేని బాధితులను వేరుచేసి మాట్లాడటం మిగిలిన కుటుంబాలను గాయపరిచింది.

బాస్క్ ప్రాంతీయ ప్రభుత్వం ఈటీఏ బాధితులతోపాటు పోలీసు చిత్రహింసల బాధితుల వివరాలను కూడా నమోదు చేయించింది. ఎన్‌కౌంటర్‌లో పోయినవారి పేర్లను, ఇన్‌ఫార్మర్ ముద్రతో పోయినవారి పేర్లను ఒకే చోట, ఒకే గౌరవంతో నమోదు చేసే పని తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కూడా చేపట్టాలి.