ఆపరేషన్ తర్వాత నడుములో సన్న పైపు.. అందులో రెండు మందులు కలిపి ఎందుకిస్తారు?

ఆపరేషన్ సక్సెస్. మరి మత్తు దిగాక మొదలయ్యే నొప్పి సంగతేంటి? పెద్ద పొట్ట ఆపరేషన్, మోకాలి మార్పిడి లాంటి సర్జరీల తర్వాత కొందరు పేషెంట్లకు నడుములో సన్నటి పైపు ఉంచి రెండు మూడు రోజులు మందు పంపిస్తారు. ఇదే ఎపిడ్యూరల్.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు 'నడుముకు సూది' అనగానే సిజేరియనే గుర్తొస్తది. వింతేం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కరీంనగర్ జిల్లాలోనైతే 80 శాతం దాటాయి. కానీ సిజేరియన్‌కు ఎక్కువగా ఇచ్చేది స్పైనల్. ఒక్క సూది, కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఎపిడ్యూరల్‌లో వెన్నుపామును కప్పే పొరకు బయట ఉన్న సందులో పైపు ఉంటుంది కాబట్టి, రోజుల తరబడి మందు ఇవ్వొచ్చు.

ఆ పైపులో వెళ్లే మొదటి మందు బుపివకైన్ లేదా రోపివకైన్. నరాల్లో నొప్పి సిగ్నల్‌ను ఆపేస్తుంది. డోసు పెరిగితే కాళ్లు బరువెక్కుతాయి, బీపీ పడిపోతుంది. రెండోది ఫెంటానిల్ లేదా మార్ఫిన్. ఇవి వెన్నుపాములో నొప్పి కబురును అణిచేస్తాయి, కాళ్ల బలం తగ్గదు. కానీ దురద, వాంతులు, మూత్రం ఆగిపోవడం ఉండొచ్చు. అసలు ప్రమాదం శ్వాస నెమ్మదించడం.

రెండూ కలిపితే ఒక్కోటి తక్కువ డోసు సరిపోతుంది. సర్జరీ మత్తుకు వాడే బుపివకైన్ సాధారణంగా 0.5 శాతం. ఇక్కడ 0.1 లేదా 0.125 శాతం చాలు, అందులో మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల ఫెంటానిల్ కలపడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. దాంతో పేషెంట్ గట్టిగా దగ్గగలడు, తొందరగా లేచి నడవగలడు. కుట్ల భయంతో ఊపిరి బిగబట్టుకుంటే తెమడ పేరుకుని న్యుమోనియా దాకా పోవచ్చు మరి.

మార్ఫిన్‌తో మాత్రం జాగ్రత్త. ఫెంటానిల్ ప్రభావం త్వరగా వచ్చి త్వరగా దిగుతుంది. మార్ఫిన్ వెన్ను నీటిలో మెల్లగా పైకి పాకుతుంది. 12 గంటల తర్వాత కూడా, ఒక్కోసారి 24 గంటల వరకు శ్వాసను దెబ్బతీయొచ్చు. అంటే పగలు బాగానే ఉన్న మనిషికి అర్ధరాత్రి ఇబ్బంది రావొచ్చు. రాత్రి ఊపిరి లెక్కపెట్టే నర్సు, ఆక్సిజన్, విరుగుడు నలోక్సోన్ లేని చోట ఈ పద్ధతి వద్దు. ఆపరేషన్‌కు ముందే ఇది అడగండి, మొహమాటం అక్కర్లేదు.

ఈ మందులు నార్కోటిక్ చట్టం కిందికి వస్తాయి. 2014 సవరణ తర్వాత మార్ఫిన్, ఫెంటానిల్ సహా 6 మందులకు రూల్స్ సులువయ్యాయి. 'గుర్తింపు పొందిన వైద్య సంస్థ' అయిన దవాఖానకు అన్ని లైసెన్సులు అక్కర్లేదు. రెండు మూడు రోజులు డాక్టర్ చూస్తుండగా ఇస్తే అలవాటు పడతారన్న భయం పెద్దగా లేదు.

రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి. పైపు పెట్టేటప్పుడే కాదు, తీసేటప్పుడూ లోపల రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. ఉట్నూరు, ఆసిఫాబాద్ ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్లూ చెప్పాలి, ఆక్సిజన్ తగ్గితే వాళ్లకు నొప్పి ఎటాక్ వస్తుంది.

పక్కనున్న ఇంటివాళ్లు చూడాల్సింది ఇదీ. పిలిచినా లేవనంత మగత, నిమిషానికి 10 కంటే తక్కువ శ్వాసలు, కాళ్లలో బలం తిరిగి రాకపోగా ఇంకా తగ్గడం.. ఏది కనిపించినా వెంటనే నర్సును పిలవండి. తెల్లారేదాకా ఆగొద్దు. పైపు తీశాక కొద్దిరోజులు అక్కడ పచ్చిగా ఉండటం మామూలే. జ్వరం, పెరిగే నడుం నొప్పి మాత్రం మామూలు కాదు, మళ్లీ దవాఖానకు రావాల్సిందే.