ఇంధన ఆవిరి నియంత్రణ వ్యవస్థ: సొంత మరమ్మతు

పెట్రోలు కారు ట్యాంకులో పుట్టే ఆవిరిని గాలిలో కలవనివ్వకుండా పట్టి, ఇంజన్‌లోనే మండించే ఏర్పాటు ఇది. మెకానిక్కులు ‘ఇవాప్’ అంటారు. కాలిఫోర్నియా 1970 మోడల్ కార్లకూ, అమెరికా మొత్తం 1971 మోడళ్లకూ దీన్ని తప్పనిసరి చేశాయి.

ఆవిరి ముందుగా చార్‌కోల్ కానిస్టర్‌కు చేరుతుంది. అందులోని ఉత్తేజిత బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆవిరిని ఇన్‌టేక్‌లోకి వదిలితే, వెంట్ వాల్వ్ గుండా బయటి గాలి లోపలికి వస్తుంది.

ఎక్కడైనా లీకైతే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే వచ్చే కోడ్‌లలో పి0455 పెద్ద లీకునూ, పి0442 చిన్న లీకునూ చూపుతాయి. పి0456 వస్తే రంధ్రం సుమారు అర మిల్లీమీటరే అయినా కావచ్చు.

వెతుకులాట పెట్రోలు మూతతోనే మొదలుపెట్టాలి. రబ్బరు సీలు పగిలితే మూత మార్చాలి. తర్వాత గొట్టాల్లో పగుళ్లు చూడాలి. పర్జ్ వాల్వ్‌ను విప్పి, కరెంటు ఇవ్వకుండా ఊదితే సాధారణంగా గాలి పోకూడదు. పోతే అది తెరుచుకుని బిగుసుకుపోయినట్టే. ఇలాంటి వాల్వ్ ఉన్న కారు పెట్రోలు కొట్టించిన వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది.

కంటికి దొరకని లీకుకు, లోపలికి పొగ పంపి చూసే స్మోక్ టెస్ట్ చేయించాలి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను ఈ పనికి వాడకూడదు. ఎక్కువ ఒత్తిడికి భాగాలు దెబ్బతింటాయి. ఇంజన్ చల్లారాక, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పని చేయాలి.

బంకులో నాజిల్ ఆగిపోయాక కూడా పెట్రోలు నింపిస్తే ద్రవం కానిస్టర్‌లోకి చేరి బొగ్గును పాడుచేస్తుంది. అప్పుడు కానిస్టర్‌నే మార్చాల్సి రావచ్చు.