సియాటిల్ ఓటర్లు కట్టించిన ఇళ్లు

1970 మార్చి 20న సియాటిల్‌లోని ఓజార్క్ హోటల్‌కు ఎవరో నిప్పు పెట్టారు. చవక గదుల్లో కాలం వెళ్లదీస్తున్న 20 మంది చనిపోయారు. నగరం అగ్నిమాపక నిబంధనలను బిగించింది. బిగించాల్సిందే. కానీ ఆ ఖర్చు భరించలేని యజమానులు హోటళ్లకు తాళాలు వేయడంతో నగరం నడిబొడ్డున వేల గదులు పోయాయి. వాటిలో ఉండేవాళ్లు ఎక్కడికి వెళ్లాలో ఆ చట్టంలో లేదు.

ఆ లోటు పూడ్చడానికి వచ్చినవే లాభాపేక్ష లేని గృహసంస్థలు. ఒక చర్చి చొరవతో 1980లో పుట్టిన ప్లిమత్ హౌసింగ్ వాటిలో ఒకటి. ఇలాంటి సంస్థలకు పెట్టుబడి ఉండదు. అద్దెలు తక్కువ కాబట్టి బ్యాంకులిచ్చే అప్పూ తక్కువే. పోనీ నగరమే ఇద్దామంటే, ప్రజాధనాన్ని ప్రైవేటు సంస్థలకు ధారాదత్తం చేయకూడదని వాషింగ్టన్ రాష్ట్ర రాజ్యాంగం అంటుంది. పేదలు, అశక్తుల పోషణకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ ఒక్క మినహాయింపే దారి చూపింది.

1981లో వృద్ధుల ఇళ్ల బాండ్లకు ఓటర్లు సరేనన్నారు. 1986లో ఇళ్ల కోసం ఆస్తి పన్నుపై ప్రత్యేక లెవీ మొదలైంది. గడువు తీరినప్పుడల్లా జనం మళ్లీ ఓటేశారు: 1995, 2002, 2009, 2016. తమ పన్ను తామే పెంచుకోవడానికి ఇన్నిసార్లు ఒప్పుకున్న నగరాలు అరుదు.

లెవీ సొమ్ము ఒక్కటే భవనాన్ని లేపదు. నగరం తేలిక షరతులతో దీర్ఘకాలిక అప్పిచ్చి, దశాబ్దాల పాటు అద్దెలు పేదలకు అందుబాటులోనే ఉంచేలా ఒప్పందం రాయించుకుంటుంది. నగరం ముందు నిలబడితేనే 1986 నాటి ఫెడరల్ పన్ను రాయితీల పెట్టుబడి, రాష్ట్ర గృహనిధి తోడవుతాయి. సియాటిల్‌లోని ఫస్ట్ హిల్ ప్రాంతంలో ఉన్న 17 అంతస్తుల భవనాన్నే చూడండి. స్థలాన్ని రవాణా సంస్థ సౌండ్ ట్రాన్సిట్ ఉచితంగా ఇచ్చింది. కింది అంతస్తుల్లో ప్లిమత్ సంస్థ నిరాశ్రయులైన వృద్ధులకు చోటిచ్చింది. పైన బెల్‌వెదర్ సంస్థ చిన్న జీతాల కుటుంబాలకు ఇచ్చింది. నేల ఖర్చు లేకపోవడమే అక్కడ అసలు బలం.

ఇళ్ల కోసమే పెద్ద కంపెనీలపై వేసిన పన్ను కథ వేరు. 2018లో ఉద్యోగికి 275 డాలర్ల చొప్పున వేసిన పన్నును నెల తిరక్కుండానే రద్దు చేశారు. 2020లో ‘జంప్‌స్టార్ట్’ పేరుతో పెద్ద జీతాల మీద పన్ను వచ్చింది. మన తెలుగువాళ్లు ఎందరో పనిచేసే అమెజాన్ లాంటి కంపెనీలు కట్టేది ఇదే. అందులో సింహభాగం ఇళ్లకే అన్నారు. తర్వాత బడ్జెట్ లోటు పూడ్చడానికి కొంత మళ్లించారు. నగర కౌన్సిల్ ఇచ్చిన మాటను కౌన్సిలే మార్చుకోగలదు. లెవీకి ఆ బెడద తక్కువ, ఓటర్లు ఆమోదించింది ఇళ్ల కోసమే కాబట్టి.

2016లో 29 కోట్ల డాలర్లున్న లెవీని 2023లో ఓటర్లు 97 కోట్లకు పెంచారు. అందులో భవనాల నిర్వహణకు, అక్కడ పనిచేసే సిబ్బందికి కూడా సొమ్ము కేటాయించారు. నిరాశ్రయులుగా వచ్చినవాళ్లు కట్టే అద్దెతో రాత్రి కాపలా మనిషికి జీతం రాదు.