ఐడీ చేతికందని చదువరి: ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఎన్-లిస్ట్ వినియోగంపై ఒక పునఃపరిశీలన

డిగ్రీ కళాశాలలకు ఈ-పత్రికలు, ఈ-పుస్తకాలు లాగిన్ ఐడీ ద్వారా అందించే ఎన్-లిస్ట్ మీద మన గ్రంథాలయశాస్త్ర విభాగాల్లో వచ్చిన సిద్ధాంత గ్రంథాలు, పత్రికా వ్యాసాలు వరసగా చదువుకుంటూ పోతే చాలా వరకు చివరి అధ్యాయంలో ఒకే మాట దగ్గర ఆగుతాయి. వినియోగం తక్కువగా ఉంది, కారణం అవగాహన లోపం, కనుక కళాశాలలు అవగాహన సదస్సులు నిర్వహించాలి. పదిహేనేళ్లుగా ఈ సూచన మారలేదు. సదస్సులు జరుగుతూనే ఉన్నాయి. పరిస్థితి మారనప్పుడు రోగ నిర్ధారణనే మళ్లీ చూసుకోవాలన్న ఆలోచన మాత్రం ఈ రచనల్లో అరుదు. ఉమ్మడి గుంటూరు, నల్గొండ జిల్లాల్లోని కొన్ని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో తిరిగినప్పుడు నాకు కనిపించినదానికి, ఈ నిర్ధారణకు పొత్తు కుదరలేదు. ఆ పొత్తు కుదరకపోవడమే ఈ వ్యాసానికి మూలం.

ఎన్-లిస్ట్ పేరే వినని విద్యార్థులు ఉన్నారు, కాదనను. అయితే పేరు విన్నవాళ్లతో మాట్లాడినప్పుడు తరచుగా వచ్చిన జవాబు వేరు. "మాకు తెలుసు సార్, ఐడీ రాలేదు." బి.ఏ. చివరి సంవత్సరం విద్యార్థిని ఒకరు, తాను మొదటి సంవత్సరంలోనే పేరు రాయించుకున్నానని, తర్వాత ఎవరిని అడగాలో తెలియలేదని చెప్పింది. ఈ అమ్మాయిని మన సర్వేలు ఏ గడిలో వేస్తాయి? అవగాహన ఉంది, వినియోగం లేదు. పట్టికలో ఈ రెండు గడులూ నిండుతాయి. వాటి మధ్య ఏం జరిగిందో చెప్పే గడి ఉండదు.

అవగాహన వాదంతో నా అసలు తగాదా దాని పద్ధతి మీద. ప్రశ్నావళి ఎలా చేరుతుందో చూడండి. పరిశోధకుడు సాధారణంగా గ్రంథాలయశాస్త్రం చదివినవాడు, చాలాసార్లు తానే ఒక కళాశాలలో లైబ్రేరియన్. మరో కళాశాలకు ప్రశ్నావళి పంపాలంటే అక్కడి లైబ్రేరియన్‌కే పంపుతాడు. ఆయన లైబ్రరీకి వచ్చిన పిల్లలకు పంచి, నింపించి, కట్ట కట్టి తిరిగి పంపుతారు. లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉన్న కళాశాలకు ఆ కట్ట వెళ్లదు, వెళ్లినా తిరిగి రాదు. అంటే లైబ్రేరియన్ లేని కళాశాల నమూనాలోకి రాకుండానే జారిపోతుంది. లైబ్రేరియన్ ఉన్న కళాశాలలను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు, లైబ్రేరియన్ ఉండటం లేకపోవడం అన్న కారణం ఏ గణాంక పరీక్షలోనూ బయటపడదు. కై-స్క్వేర్ ఎంత జాగ్రత్తగా కట్టినా నమూనాలో లేనిదాన్ని అది చూపలేదు. మిగిలేవి విద్యార్థి లింగం, గ్రూపు, ఊరు, అవగాహన. తప్పు చదువరి మీదికి పోవడం ఇలా మొదలైంది.

ఇంగ్లిష్ భాష అడ్డంకి అని, చవక డేటా వచ్చాక పిల్లలు యూట్యూబ్‌కే పోతున్నారని కూడా ఈ వ్యాసాలు చెబుతాయి. అందులో నిజముంది గానీ, తలుపు తెరవని గదిలోకి ఎవరూ ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఒక ఐడీ పుట్టి విద్యార్థి చేతికి చేరేదాకా దాని వెంట నడిస్తే విషయం తేలుతుంది. 2010లో మొదలైన ఎన్-లిస్ట్ ఆలోచన గొప్పది. విశ్వవిద్యాలయాల యూజీసీ-ఇన్ఫోనెట్ కన్సార్షియం, ఐఐటీ ఢిల్లీ నుంచి నడిచిన ఇండెస్ట్ కన్సార్షియం కలిసి, పెద్ద సంస్థలకు మాత్రమే అందుతున్న పత్రికలను మామూలు డిగ్రీ కళాశాలల దాకా తెచ్చాయి. 2015లో ఎన్-లిస్ట్ సహా ఈ మూడూ ఈ-శోధ్‌సింధులో కలిశాయి. ఆరు వేలకు పైగా పత్రికలు, లక్షల్లో ఈ-పుస్తకాలు. ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాల కట్టాల్సింది ఏడాదికి అయిదు వేల రూపాయలు, పన్నుతో కలిపి 5,900. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పత్రికలు, యాన్యువల్ రివ్యూస్, ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ఈ ధరకు ఒక మండల కేంద్రంలోని కళాశాలకు దొరుకుతాయంటే, ఉన్నత విద్యలో ఇంత చవకగా ఇంత విస్తృతమైన పంపకం మన దేశంలో మరొకటి లేదనే చెప్పాలి. దీని మీద నాకున్న గౌరవమే ఈ విమర్శకు కారణం.

రుసుము కట్టాక ప్రిన్సిపాల్ ఒకరిని బాధ్యుడిగా నియమిస్తారు. ఆయన, ఎన్-లిస్ట్‌ను నడిపే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఇచ్చిన పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి, విద్యార్థుల పేర్లు, ఈ-మెయిళ్లు, కోర్సు ఎక్కించాలి. అప్పుడు ఒక్కొక్కరికీ ఐడీ, పాస్‌వర్డు వాళ్ల మెయిల్‌కు పోతాయి. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా పేర్లు చేర్చాలి, వెళ్లిపోయినవాళ్లవి తీసేయాలి. చూడటానికి చిన్న పనే.

లైబ్రేరియన్ ఉన్నచోట ఆ పని ఆయనది. లేనిచోట కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడికో, కామర్స్ అధ్యాపకుడికో అదనపు బాధ్యతగా వస్తుంది. వాళ్లు తరచుగా అతిథి అధ్యాపకులు. వచ్చే ఏడాది కొనసాగుతారో లేదో వాళ్లకే తెలియదు. అలాంటి ఒకరు మరో కళాశాలకు వెళ్లిపోయినప్పుడు నిర్వహణ పాస్‌వర్డు ఆయన ఫోనులోనే ఉండిపోయిన సందర్భం చూశాను. ఆ ఏడాది రుసుము కట్టారు, సభ్యత్వం ఉంది, కొత్త విద్యార్థుల పేర్లు మాత్రం ఎక్కలేదు. అడిగితే సభ్యత్వ ధ్రువపత్రం, రసీదు చూపించారు.

పేర్లు ఎక్కినచోట మరో చిక్కు. ఈ-మెయిల్ ఎవరిది? డిగ్రీ ప్రవేశానికి దరఖాస్తు చేసే పిల్లల్లో చాలామంది ఊళ్లోని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళతారు. అక్కడి కుర్రాడు అప్పటికప్పుడు ఒక మెయిల్ తెరిచి నింపేస్తాడు. దాని పాస్‌వర్డు రాసిన కాగితం ఇంటికి చేరేలోపే పోతుంది. కళాశాల రికార్డులో అదే మెయిల్ ఉంటుంది, ఎన్-లిస్ట్ జాబితాలోకి అదే ఎక్కుతుంది. ఐడీ ఎవరూ తెరవని పెట్టెలో పడుతుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ లెక్కలో ఆ విద్యార్థి నమోదైన వినియోగదారు. మన సర్వే లెక్కలో అవగాహన లేని విద్యార్థి. రెండు లెక్కలూ ఆ పిల్లకు న్యాయం చేయవు.

లైబ్రేరియన్ ఉన్న ఒక కళాశాలలో ఇదే చిక్కును ఎలా విప్పారో చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు బలమైన ఆధారం అదే. ఆ లైబ్రేరియన్ లైబ్రరీ కార్డు ఇచ్చే రోజునే విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోనులో ఇప్పుడు వాడుతున్న మెయిల్ ఏదో చూసి, దాన్నే నమోదు చేస్తారు. మూడో నాలుగో రోజుకు మళ్లీ పిలిచి, ఆయన ముందే ఒకసారి లోపలికి వెళ్లమంటారు. జిజ్ఞాస పేరిట విద్యార్థులు చేసే అధ్యయన ప్రాజెక్టుల కాలం వచ్చినప్పుడు ఎకనామిక్స్ పిల్లలకు వీక్లీలో పాత సంచికలు ఎలా వెతకాలో చూపిస్తారు. సదస్సు, బ్యానరు, ముఖ్య అతిథి ఏమీ లేవు. ఆ కళాశాలలో ఇంగ్లిష్ మీడియం పిల్లలూ తెలుగు మీడియం పిల్లలూ వ్యాసాలు దించుకుంటున్నారు; తెలుగు మీడియం పిల్లలు అర్థం కానిచోట ఆయన్నే అడుగుతున్నారు. భాష అడ్డంకి అక్కడ మాయం కాలేదు. దాన్ని దాటించే మనిషి ఉన్నాడు, అంతే.

కళాశాలల నాణ్యతను అంచనా వేసే న్యాక్ మూల్యాంకనం ఈ లోటును సరిచేయాల్సింది పోయి కప్పిపుచ్చుతోంది. నాలుగో ప్రమాణంలో ఈ-వనరుల సభ్యత్వానికి మార్కులున్నాయి. రసీదు జతచేస్తే ఆ మార్కులు వస్తాయి. వినియోగానికీ చోటుంది గానీ, దాని కింద లైబ్రరీ రిజిస్టరు సంతకాలు, లాగిన్ల సంఖ్య కలిసే పోతాయి. బృందం వచ్చే ఏడాది రుసుము కట్టి, తర్వాతి ఏడాది వదిలేసిన కళాశాలలు నాకు తారసపడ్డాయి. కొనడం, చదవడం వేరువేరని కొలబద్ద గుర్తించనంతకాలం ప్రిన్సిపాళ్లను మాత్రమే తప్పుపట్టలేం.

ఇది ఎన్-లిస్ట్‌తో మొదలైన కథ కాదు. 2000ల తొలి ఏళ్లలో ఉమ్మడి రాష్ట్రం ఉపగ్రహం ద్వారా 'మన టీవీ' పాఠాలు కళాశాలలకు పంపింది. తెలంగాణలో అదే వ్యవస్థ 2017లో టీ-శాట్ అయింది. మంచి అధ్యాపకుడి పాఠం ఒకేసారి వందల తరగతులకు వెళ్లాలన్నది ఉద్దేశం. టీవీ పెట్టే మనిషి, ప్రసారానికి తగ్గట్టు పీరియడ్ మార్చే అధ్యాపకుడు ఉన్నచోట అది పనిచేసింది. లేనిచోట డిష్ మేడ మీద, టీవీ బీరువాలో. మన గ్రంథాలయోద్యమం ఈ సంగతిని చాలా ముందే పట్టుకుంది. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద నడిచిన పడవ గ్రంథాలయంలో పుస్తకాలతోపాటు వాటిని పంచే కార్యకర్త కూడా ప్రయాణం చేశాడు. రేవు రేవునా ఎవరికి ఏది కావాలో అతనికి తెలుసు. ఆ కార్యకర్తను తీసేసి పడవను మాత్రమే వదిలి ఉంటే దాని గురించి ఈనాడు మాట్లాడుకునేవాళ్లమా?

ఇప్పుడు లెక్క ఇంకా పెద్దది. పత్రికలకు దేశమంతా కలిపి ఒకే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2025 నుంచి మూడేళ్లకు ఆరు వేల కోట్ల రూపాయలు, ముప్పై ప్రచురణ సంస్థలు, దాదాపు పదమూడు వేల పత్రికలు, ఆరు వేల మూడు వందలకు పైగా ప్రభుత్వ సంస్థలు, సుమారు కోటీ ఎనభై లక్షల మంది. ఏడాదికి రెండు వేల కోట్లు. మనిషికి పదకొండు వందల రూపాయల చొప్పున పడుతుంది. సంస్థకు పంచి చూస్తే సగటున ముప్పై ఒక్క లక్షలకు పైమాటే. ఐఐటీ వాడకాన్నీ మండల కళాశాల వాడకాన్నీ కలిపిన సగటు ఇది, కనుక ముతక లెక్కే. అయినా దీని పక్కన మరో అంకె పెట్టాలి. యూజీసీ ఏడో వేతన స్కేలులో కళాశాల లైబ్రేరియన్ ప్రారంభ మూలవేతనం నెలకు 57,700, ఏడాదికి ఏడు లక్షల లోపు. ఒక సంస్థ వంతు చందాలో నాలుగో వంతుకన్నా తక్కువ. ఆ పోస్టు భర్తీ చేయడానికి డబ్బు లేదంటున్న వ్యవస్థే చందాకు డబ్బు వెతకగలిగింది. ప్రచురణకర్తలకు చెల్లించేది ఖర్చుగాను, లైబ్రేరియన్‌కు చెల్లించేది భారంగాను చూసే అలవాటు ఈ పథకం లోపల కూర్చుని ఉంది. ఎయిడెడ్ కళాశాలల పిల్లలు ఇంకా దీని బయటే ఉండటం మరో విషాదం.

బ్రెజిల్ ఇలాంటి జాతీయ పోర్టల్‌ను 2000 నుంచే నడుపుతోంది కాబట్టి ఉమ్మడి చందా అసాధ్యమైన ఆలోచనేమీ కాదు. అయితే ఉమ్మడి వనరు ఏదైనా, అది పత్రిక కావచ్చు, పాఠం కావచ్చు, పుస్తకం కావచ్చు, దాన్ని చేతికందించే ఉద్యోగి ఎంతమంది ఉంటే అంతవరకే అది ఉమ్మడి అని నా నిర్ధారణ. మిగిలినది కాగితం మీది హక్కు.

చేయదగిన పని స్పష్టంగానే ఉంది. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రవేశాలు ఆన్‌లైన్‌కు మారాయి. సీటు ఖాయమైన విద్యార్థి వివరాలు, ఓటీపీతో సరిచూసిన ఫోను నంబరు సహా, ఉన్నత విద్యామండలి దగ్గర ఉన్నాయి. ఆ జాబితా నేరుగా ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు వెళితే ఐడీ మెయిల్‌కు బదులు ఫోనుకు వస్తుంది. అతిథి అధ్యాపకుడి తల మీద ఎక్సెల్ పని ఉండదు. జాబితా పని యంత్రానికి పోయాక, దగ్గర దగ్గరగా ఉన్న నాలుగైదు కళాశాలలకు కలిపి ఒక రెగ్యులర్ లైబ్రేరియన్‌ను వెంటనే వేయవచ్చు, ఖాళీలన్నీ నిండేవరకు. ఆయన వారంలో ఒక రోజు ఒక్కో కళాశాలలో కూర్చుంటారు. ఫలానా రోజు ఫలానా గదిలో ఉంటారన్న సంగతి టైంటేబుల్‌లో, మిగతా పీరియడ్ల పక్కనే అచ్చవ్వాలి. రెండు రాష్ట్రాల కళాశాల విద్యా కమిషనరేట్లు దీన్ని ఒక్కో జిల్లాలో ఒక విద్యా సంవత్సరం నడిపి, లాగిన్ల లెక్కను పక్క జిల్లాతో పోల్చి ప్రచురిస్తే, అవగాహన వాదులకూ నాకూ మధ్య ఉన్న తగాదా అక్కడ తేలుతుంది.